నాగా

నూట పన్నెండో పేజీలో ఒంటె అరుస్తుంది.
అక్కడ ఆగిపోయాను.
రాజోలు ఉర్దూ బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి
రిటైరయ్యాక నెత్తికెత్తుకున్న పని ఇది,
అరబ్బీ నవలొకటి తెలుగు చేయడం.

కథ చిన్నదే.
ఇసుకలో చమురు గొట్టం వేస్తారు.
చలి రాత్రి నిండు చూలుతో ఉన్న ఒంటె
గొట్టం వెచ్చగా ఉందని దాన్ని ఆనుకుని ఈనుతుంది.
తెల్లారి కంపెనీ జీపు వస్తుంది.
అరుపు అప్పుడు.

ఆవుకి అంబా ఉంది. గాడిదకి ఓండ్ర.
గుర్రానికి సకిలింపు, ఏనుగుకి ఘీంకారం,
ఆఖరికి కప్పకి కూడా బెకబెక ఇచ్చుకున్నాం.
ఒంటె మన గట్టు మీద నడవలేదు, మాట పుట్టలేదు.
'కూత' అని రాసి కొట్టేశాను.
కూత రైలుది, కోడిది.

ఎప్పుడో మన నక్కలు ఆ దేశం వెళ్లి
రాజుల కొలువులో నీతులు చెప్పాయంటారు.
ఇప్పటి నవలల్లో జంతువులు నోరు విప్పవు.
జైలు గేటు దగ్గర కుక్క ఉంటుంది, ఊరికే ఉంటుంది.
తుపాకి ముందు జింక, అదీ ఒక కన్ను మాత్రమే.
సరిహద్దు దాటే గాడిదకి
వీపు మీద ఎవరి శవముందో తెలీదు.
మనుషులు చెప్పకూడనిది ఎదురైన చోటల్లా
రాసేవాడు ఒక జంతువుని కట్టేసి పోతాడు.

సఖినేటిపల్లి రేవులో నక్కా జక్రయ్యని అడగమన్నారు.
పంటు మీద టిక్కెట్లు చింపుతాడు.

"వీసా వచ్చినప్పుడు నక్క తోక తొక్కావన్నారు టీచరుగారూ.
డ్రైవరు పనన్నారు. దిగాక ఒంటెల మంద చూపించారు.
ఇంటిపేరు ఇని కఫీలు పడీపడీ నవ్వాడు.
ఆళ్ల బాసలో నాగా అంటే ఆడ ఒంటెంట.
ఇక నన్నూ అదే పిలుపు.
ఏడేళ్లండి. నాగా లేకుండా నాగాల్ని మేపాను."

నా పుస్తకంలో అది నాఖ.
ఎడారి నోట్లో నాగా.
మా హాజరు పట్టీలో నాగా అంటే
రాని రోజు, జీతం కోసే రోజు.

"పిల్ల పోయిన ఒంటె ఎలా అరుస్తుంది జక్రయ్యా?"

వెంటనే చెప్పలేదు. సంచీలో చిల్లర సర్దుకున్నాడు.
"ఇక్కడా గొట్టాలే కదండీ.
బ్లోఅవుట్ నాడు మా చిన్నాన్న గేదె
అర్ధరాత్రే పలుపు తెంచుకుంది.
సైరను తెల్లారగట్ల మోగింది."
ఇంకేదో అనబోయి
మోటారు సైకిళ్ల మధ్యకి వెళ్లిపోయాడు.

వశిష్ఠ నడుమకి వచ్చాక
కొబ్బరికాయల వ్యాను వెనక నిలబడి
నీళ్లవైపు తిరిగి అరిచాడు.

ముందు గొంతులో నీళ్లు పుక్కిలించినట్టు.
తర్వాత చాలా బరువైనదేదో
లేవలేక లేస్తున్నట్టు.
ఆ తర్వాత దాన్ని పోల్చడానికి నా దగ్గరేమీ లేదు.

పిల్లలు నవ్వారు.
రొయ్యల తట్టావిడ "ఏం మాయరోగం నీకు" అంది.
నరసాపురం సంతకి పోతూ
ట్రక్కు ఆటోలో మోకాళ్ల మీద కూలబడ్డ గేదె
లేచి నిలబడింది.
పంటు ఒక పక్కకి కొంచెం ఒరిగింది.

జక్రయ్య తువ్వాలుతో మూతి తుడుచుకుని
"మర్చిపోయాననుకున్నానండి" అన్నాడు.
నా దగ్గర టిక్కెట్టు డబ్బులు తీసుకోలేదు.

ఆ వాక్యం ఇంకా సగమే ఉంది.
'ఒంటె' అని ఉంది, తర్వాత ఖాళీ.
పేజీ అంచున పెన్సిలుతో:
పంటు, సాయంత్రం ఐదూ నలభై. గేదె లేచింది.